చిన్న ఇంజిన్, పెద్ద శక్తి: చూసి ఎంచుకోవడం, తెలిసి నడపడం, కాపాడుకోవడం

ఒక లీటరు ఇంజిన్ ఉన్న కారు 120 హార్స్ పవర్ ఇస్తుందని వివరాల పట్టికలో చదివినప్పుడు కొనేవారికి రెండు సందేహాలు కలుగుతాయి. అంత చిన్న ఇంజిన్ నిజంగా అంత శక్తిని ఇవ్వగలదా? ఇచ్చినా ఎంతకాలం మన్నుతుంది? రెండూ న్యాయమైన సందేహాలే. ఆ శక్తి ఏ దారిలో వస్తున్నదో తెలుసుకుంటే రెండింటికీ సమాధానం దొరుకుతుంది, ఆ ఇంజిన్‌ను ఎలా నడపాలో, ఏ విషయంలో జాగ్రత్త పడాలో కూడా తెలుస్తుంది.

ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. సిలిండర్‌లోకి పెట్రోల్ ఎంత కావాలంటే అంత చిమ్మవచ్చు. కష్టమంతా గాలిని లోపలికి తేవడంలోనే ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి మాత్రమే గాలి పీలుస్తుంది కనుక, ఒక లీటరు ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పుడు సుమారు 3000 లీటర్ల గాలిని లాగుతుంది. అంతకంటే ఎక్కువ గాలి కావాలంటే, సిలిండర్ పరిమాణం పెంచకుండా ఉన్న దారులు రెండే: ఇంజిన్‌ను ఇంకా వేగంగా తిప్పడం, లేదా ప్రతిసారీ గాలిని ఒత్తి కుక్కడం. చిన్న ఇంజిన్లలో మనకు కనిపించే సాంకేతికత అంతా ఈ రెండు దారుల్లో ఏదో ఒకదానికి సాయంగా వచ్చిందే.

ముందుగా రెండు భాగహారాలు

కారు వివరాల పట్టికను చేతిలోకి తీసుకుని హార్స్ పవర్ అంకెను లీటర్లతో భాగించండి. తర్వాత టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) అంకెను, అంటే న్యూటన్ మీటర్లను, అదే విధంగా లీటర్లతో భాగించండి. శక్తిని కిలోవాట్లలో ఇచ్చి ఉంటే 1.36తో గుణిస్తే మెట్రిక్ హార్స్ పవర్ వస్తుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది మొదటి అంకెనే అయినా, ఇంజిన్ స్వభావాన్ని ఎక్కువగా బయటపెట్టేది రెండో అంకె అని నా అభిప్రాయం.

కారణం ఇది. హార్స్ పవర్ అనేది టార్క్‌ను చుట్ల సంఖ్యతో గుణించి, 7024తో భాగిస్తే వచ్చే ఫలితం. అంటే అదే హార్స్ పవర్‌ను తక్కువ టార్క్‌తో ఎక్కువ చుట్లు తిరిగి సాధించవచ్చు, ఎక్కువ టార్క్‌తో తక్కువ చుట్లలోనూ సాధించవచ్చు. లీటరుకు ఎంత టార్క్ వస్తున్నదో చూస్తే ప్రతి మంటలో పిస్టన్ మీద ఎంత ఒత్తిడి పడుతున్నదో అర్థమవుతుంది. గాలిని ఒత్తి పంపే టర్బో లేని మంచి పెట్రోల్ ఇంజిన్ లీటరుకు 100 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. ఎంత శ్రమపడి మెరుగుపరచినా 120 దాటడం చాలా కష్టం. పట్టికలో అంకె 150, 200 అని వచ్చిందంటే లోపల గాలిని ఒత్తి పంపే యంత్రం తప్పకుండా ఉన్నట్టే.

ఉదాహరణలు చూద్దాం. 1999లో వచ్చిన హోండా ఎస్2000 కారులోని 1997 సీసీ ఇంజిన్ జపాన్ నమూనాలో 250 హార్స్ పవర్ ఇచ్చింది, అంటే లీటరుకు 125. దాని టార్క్ మాత్రం 218 న్యూటన్ మీటర్లే, లీటరుకు 109. అంటే పిస్టన్ మీద ఒత్తిడి మామూలుగానే ఉంది. శక్తి అంతా 8300 చుట్ల దగ్గర, వేగం వల్ల వచ్చింది. ఫోర్డ్ 2012లో తెచ్చిన మూడు సిలిండర్ల 999 సీసీ ఎకోబూస్ట్ ఇంజిన్ కూడా లీటరుకు 125 హార్స్ పవరే ఇచ్చింది. అయితే దాని టార్క్ 170 న్యూటన్ మీటర్లు, అదీ 1400 చుట్ల నుంచే. మొదటి భాగహారంలో రెండూ సమానంగా కనిపించినా, నడిపితే ఈ రెండు ఇంజిన్లకు పోలికే లేదు.

ఇంకా పైకి వెళితే టొయోటా జీఆర్ యారిస్‌లోని 1618 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ 2020లో వచ్చినప్పుడు జపాన్‌లో 272 హార్స్ పవర్, 370 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చింది. లీటరుకు 168 హార్స్ పవర్, 229 న్యూటన్ మీటర్లు. 2019లో మెర్సిడెస్ ఏఎంజీ చేసిన ఎం139 ఇంజిన్ 1991 సీసీలోనే 421 హార్స్ పవర్, 500 న్యూటన్ మీటర్లు చూపింది. లీటరుకు 211 హార్స్ పవర్. ఇవి పరిమితుల అంచున నడిచే ఇంజిన్లు. రోజువారీ కార్లలోని చిన్న టర్బో ఇంజిన్లు ఎక్కువగా లీటరుకు 90 నుంచి 125 హార్స్ పవర్ మధ్యనే ఉంటాయి. జపాన్‌లోని కెయ్ కార్ల (పరిమాణానికి హద్దులున్న చిన్న కార్ల తరగతి) సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1990 నుంచి వాటి ఇంజిన్ 660 సీసీకి మించకూడదు, తయారీదారులు తమలో తాము పెట్టుకున్న హద్దు ప్రకారం శక్తి 64 హార్స్ పవర్‌కు మించదు. లీటరుకు లెక్కవేస్తే అది 97. చిన్న ఇంజిన్‌ను మన్నికగా చేయడం సాధ్యమేనని దశాబ్దాలుగా రుజువు చేస్తున్నవి ఆ కార్లు.

వేగం దారి

చుట్లు పెంచి శక్తి తీసే ఇంజిన్‌లో కష్టమంతా లోహం మీద పడుతుంది. ఎస్2000 ఇంజిన్‌లో పిస్టన్ ప్రయాణించే దూరం 84 మిల్లీమీటర్లు. నిమిషానికి 9000 చుట్ల దగ్గర ఆ పిస్టన్ సెకనుకు 150 సార్లు పైకి, 150 సార్లు కిందికి వెళ్లి, సగటున సెకనుకు 25 మీటర్ల వేగంతో కదులుతుంది. ప్రతి కొసలో పూర్తిగా ఆగి వెనక్కి తిరగాలి. ఆ ఆగడం, తిరగడం వల్ల కనెక్టింగ్ రాడ్ మీద పడే బలం చుట్ల వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. చుట్లు ఒకటిన్నర రెట్లయితే బలం రెండుంపావు రెట్లవుతుంది. అందుకే ఇటువంటి ఇంజిన్లకు తేలికైన పిస్టన్లు, గట్టి రాడ్లు, వేగంగా మూసుకునే వాల్వులకు బలమైన స్ప్రింగులు అవసరం.

మరో చిక్కు గాలి పీల్చే తీరులో ఉంది. ఎక్కువ చుట్లకు అనుకూలంగా వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ (వాల్వులను నొక్కి తెరిచే భాగం) పెడితే తక్కువ చుట్లలో ఇంజిన్ నీరసంగా నడుస్తుంది. 1989లో హోండా ఇంటెగ్రాలోని 1.6 లీటర్ల ఇంజిన్ వీటెక్ విధానంతో ఈ చిక్కును విప్పింది: తక్కువ చుట్లకు ఒక క్యామ్ ఆకారం, ఎక్కువ చుట్లకు మరొకటి, మధ్యలో ఆయిల్ ఒత్తిడితో మారడం. అలా 160 హార్స్ పవర్, అంటే లీటరుకు 100, టర్బో లేకుండానే సాధ్యమైంది.

ఇటువంటి కారు కొనేవారు గేరు మార్చడాన్ని ఇష్టపడాలి. ఓవర్‌టేక్ చేయాలంటే ఒకటి, రెండు గేర్లు కిందికి దించి, చుట్లు చూపే ముల్లును పైకి తీసుకెళ్లక తప్పదు. తక్కువ చుట్లలోనే బండి లాగాలని కోరుకునేవారికి ఇది సరిపడదు. కొత్త కార్లలో ఈ దారి దాదాపు కనుమరుగైంది కనుక ఇకపై చెప్పేది ఎక్కువగా రెండో దారి గురించే.

ఒత్తిడి దారి

బయటికి పోయే పొగ వేడిని, వేగాన్ని వాడుకుని గాలిని లోపలికి నెట్టే యంత్రానికి, అంటే టర్బోకు, స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. కార్లలోకి అది 1962లో అమెరికాలో వచ్చింది. ఆ తొలి కార్లలో ఒకటైన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో, మంట అదుపు తప్పకుండా చూడటానికి నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ప్రత్యేకమైన ట్యాంకులో నింపి ఇంజిన్‌లోకి చిమ్మవలసి వచ్చేది. యజమానులు ఆ ట్యాంకు నింపడం మరచిపోయేవారు. ఆ ఇంజిన్‌ను బాధించిన సమస్యే నేటి చిన్న టర్బో ఇంజిన్‌ను కూడా వెంటాడుతున్నది: వేడి.

గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని మామూలు వాతావరణ ఒత్తిడికి రెట్టింపు అయ్యేలా టర్బో కుదిస్తే అది 120 డిగ్రీల దరిదాపుకు చేరుతుంది. వేడి గాలి పలచన. అంటే ఒత్తిడి రెట్టింపైనా లోపలికి వెళ్లే గాలి రెట్టింపు కాదు. పైగా ఆ వేడి గాలి, పెట్రోల్ మిశ్రమం స్పార్క్ వెలిగించిన మంట చేరకముందే మూలల్లో తనంతట తాను భగ్గుమంటుంది. దానినే నాకింగ్ అంటాం. ఇంటర్‌కూలర్ ఈ గాలిని చల్లబరుస్తుంది. 120 నుంచి 50 డిగ్రీలకు దింపినా అదే ఒత్తిడి దగ్గర సుమారు ఐదో వంతు ఎక్కువ గాలి లోపల పడుతుంది. కారు ముందు భాగంలో గాలి తగిలే చోట పెద్ద ఇంటర్‌కూలర్ ఉన్న కారు ఎండలో కొండ ఎక్కేటప్పుడు కూడా తన శక్తిని నిలుపుకుంటుంది. ఇంజిన్ మీద, వేడి మధ్యలో చిన్న ఇంటర్‌కూలర్ బిగించిన కారు కాసేపటికే మందగిస్తుంది. రెండు కార్లలో ఏది కొనాలో తేల్చుకోలేనప్పుడు బానెట్ తీసి ఈ ఒక్కటి పోల్చి చూడటం మేలు.

రెండో విరుగుడు పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మడం. అక్కడ అది ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలి వేడిని లాగుతుంది కనుక టర్బో ఇంజిన్‌కు కూడా మునుపటికంటే ఎక్కువ కంప్రెషన్ రేషియో (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు కుదిస్తుందో చెప్పే అంకె) పెట్టగలిగారు. మూడోది కంప్యూటర్: నాకింగ్ శబ్దాన్ని సెన్సర్ పట్టుకోగానే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, అవసరమైతే టర్బో ఒత్తిడిని తగ్గిస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, ఆ క్షణానికి శక్తి తగ్గుతుంది. నాసిరకం పెట్రోల్ పోసినప్పుడు కారు పాడైనట్టు కాక, బద్ధకించినట్టు అనిపించడానికి కారణం ఇదే.

ఈ చిన్న ఇంజిన్లలో చాలావాటికి మూడే సిలిండర్లు ఉండటం పొదుపు కోసమే అనుకుంటారు కానీ టర్బోకు అది నిజంగా అనుకూలం. మూడు సిలిండర్లలో మంటలు 240 డిగ్రీలకు ఒకటి చొప్పున వస్తాయి. ఒక సిలిండర్ వదిలిన పొగ తోపు మరో సిలిండర్ పొగకు పెద్దగా అడ్డుపడదు, ప్రతి తోపూ టర్బైన్‌ను శుభ్రంగా తిప్పుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఈ లాభం పొందాలంటే పొగ గొట్టాలను రెండు జతలుగా విడదీసిన ట్విన్ స్క్రోల్ టర్బో పెట్టాలి. మూడు సిలిండర్లకు ఉన్న లోపం వణుకు. మంచి మౌంటింగులు, తూకం సరిచేసిన ఫ్లైవీల్ లేదా బ్యాలెన్స్ షాఫ్ట్‌తో దానిని చాలావరకు అణచవచ్చు.

ఇంజిన్ బలంతోనే తిరిగి గాలిని నెట్టే సూపర్‌చార్జర్, టర్బో రెండూ కలిపిన ఇంజిన్లు, నడుస్తుండగానే కంప్రెషన్ రేషియోను 8 నుంచి 14 వరకు మార్చుకునే నిస్సాన్ ఇంజిన్ వంటివి కూడా ఉన్నాయి. అవి గొప్ప ఇంజినీరింగే. అయినా ఎక్కువ భాగాలున్న యంత్రానికి ఎక్కువ జాగ్రత్త అవసరమని గుర్తుంచుకుని, దగ్గరలో వాటి పని తెలిసిన మెకానిక్ ఉంటేనే తీసుకోవాలి.

ఎవరికి సరిపోతుంది, ఎవరికి సరిపోదు

చిన్న టర్బో ఇంజిన్ మైలేజీ రహస్యం, అది ఎక్కువ సమయం చిన్న ఇంజిన్‌లాగే పనిచేయడంలో ఉంది. నెమ్మదిగా, నిలకడగా వెళ్లేటప్పుడు పెద్ద ఇంజిన్‌లో థ్రాటిల్ (గాలి దారిని అదుపు చేసే మూత) వెనుక, ఘర్షణలో పోయే నష్టం ఇందులో తక్కువ. యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కి ఉంచినప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. టర్బైన్, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) కాలిపోకుండా చల్లబరచడానికి చాలా ఇంజిన్లు అప్పుడు అవసరానికి మించి పెట్రోల్ చిమ్ముతాయి. నగరంలోను, మోస్తరు వేగంతో హైవే మీద తిరిగేవారికి చిన్న టర్బో లాభం. ఎప్పుడూ నిండు బరువుతో, వేగంగా, ఎత్తుపల్లాల దారుల్లో గంటల తరబడి నడిపేవారికి పెద్ద ఇంజిన్ ఉన్న కారే పొదుపుగా, నిశ్చింతగా ఉంటుందని నేను నమ్ముతున్నాను. సముద్రమట్టానికి చాలా ఎత్తున ఉండే ప్రాంతాలు ఇందుకు మినహాయింపు: టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పదో వంతు శక్తిని కోల్పోతుంది, టర్బో పలచని గాలిని కూడా కుదించి ఆ నష్టంలో చాలా భాగాన్ని పూడుస్తుంది.

రోజూ రెండు, మూడు కిలోమీటర్లకు మించి కదలని కారుకు ఈ ఇంజిన్ సరిపడదు. ఎందుకో ఆయిల్ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి

షోరూమ్ వాళ్లు చూపించే ఖాళీ రోడ్డు మీద కారును ఒక్కసారి పరుగెత్తించి సంతృప్తి పడితే అసలు సంగతి తెలియదు. ఇంజిన్ వేడెక్కిన తర్వాత, ఏసీ వేసి, కుదిరితే కారులో మరో ఇద్దరిని కూర్చోబెట్టుకుని, మూడో గేరులో ముల్లు 1500 దగ్గర ఉండగా యాక్సిలరేటర్‌ను సగం వరకు తొక్కండి. మొదట కాస్త నిశ్శబ్దం, తర్వాత తోపు వస్తాయి. ఆ మధ్య వ్యవధే టర్బో ల్యాగ్. అది పూర్తిగా లేని కారు అరుదు. అది ఎంత ఉన్నదన్నది, ప్రతిసారీ ఒకేలా ఉన్నదా లేదా అన్నది చూడాలి. తోపు ఎప్పుడు వస్తుందో మీ పాదానికి ముందే తెలిసే కారుతో ట్రాఫిక్‌లో ఇబ్బంది ఉండదు. ఒకసారి ఆలస్యంగా, మరోసారి దూకినట్టుగా వచ్చే కారు అలసట కలిగిస్తుంది.

తర్వాత స్పీడ్ బ్రేకర్ దాటి రెండో గేరులోనే ముందుకు కదలండి. ఒక లీటరు టర్బో ఇంజిన్లకు కఠినమైన పరీక్ష ఇదే, ఎందుకంటే 1200 చుట్ల దగ్గర టర్బో ఇంకా నిద్రలోనే ఉంటుంది, అక్కడ మీకు దొరికేది ఒక లీటరు ఇంజిన్ సొంత బలం మాత్రమే. ఇక్కడ ప్రతిసారీ మొదటి గేరుకు దించవలసి వస్తే ఆ కారు మీ రోడ్లకు తగినది కాదు. ఆఖరుగా, నాలుగో గేరులో ముల్లును 2000 నుంచి 4000 వరకు తీసుకెళ్లి చూడండి. చిన్న టర్బో ఇంజిన్ సత్తా ఈ మధ్య భాగంలోనే ఉంటుంది. 5500 దాటాక దాన్ని ఇంకా పైకి లాగడం వల్ల శబ్దమే తప్ప ఒనగూరేది తక్కువ.

పాత కారు చూస్తున్నట్టయితే ముందురోజు రాత్రి నుంచి స్టార్ట్ చేయవద్దని యజమానిని కోరండి. చల్లటి ఇంజిన్ స్టార్టయిన మొదటి రెండు, మూడు సెకన్లలో టైమింగ్ చైన్ (వాల్వులను ఇంజిన్ చుట్లతో కలిపి నడిపే గొలుసు) సాగి ఉంటే గలగల శబ్దం వినిపిస్తుంది, వేడెక్కిన తర్వాత అది దాగిపోతుంది. ఆయిల్ మూత తీసి లోపల నల్లటి జిగురు పేరుకుందేమో చూడండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టం అతుకుల దగ్గర వేలితో తడమండి. పలచటి ఆయిల్ తేమ మామూలే, చుక్కలుగా కారుతుంటే టర్బో సీల్ గానీ, క్రాంక్‌కేస్ గాలిని వెనక్కి పంపే వ్యవస్థ గానీ దెబ్బతిన్నదని అర్థం. ఎక్కువసేపు ఐడిల్‌లో (కారు కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతూ) ఉంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే వెనుక నీలం పొగ వచ్చినా అదే అనుమానం. సైరన్‌లా సన్నగా మొదలై చుట్లతో పాటు పెరిగే కూత, బేరింగ్ అరుగుదలకు గుర్తు. వీటన్నింటికంటే ముఖ్యమైనది ఆయిల్ మార్పుల రికార్డు. అది లేని చిన్న టర్బో కారును, మిగతా అన్నీ బాగున్నా, నేను ఎవరికీ సిఫారసు చేయను.

నడిపే తీరు

స్టార్ట్ చేసిన వెంటనే గట్టిగా తొక్కకూడదు. టర్బో షాఫ్ట్ నిమిషానికి రెండు లక్షలకు పైగా చుట్లు తిరగగలదు, దానిని మోసేది చాలా వాటిలో పలచటి ఆయిల్ పొర మాత్రమే. అయితే నిలబెట్టి వేడిచేయడం కూడా అవసరం లేదు. అర నిమిషం తర్వాత బయలుదేరి, మొదటి కొన్ని కిలోమీటర్లు 2500 చుట్లకు మించకుండా మెల్లగా నడపడమే సరైన పద్ధతి. కూలెంట్ ముల్లు మధ్యకు వచ్చిన తర్వాత కూడా ఆయిల్ వేడెక్కడానికి మరికొన్ని నిమిషాలు పడుతుందని గమనించాలి.

చాలామందికి తెలియని ప్రమాదం తక్కువ చుట్లలో ఉంది. మైలేజీ కోసం అయిదో గేరులో 1300 చుట్ల దగ్గర ఉండగానే ఎత్తు ఎక్కుతూ పూర్తిగా తొక్కేవారున్నారు. తక్కువ చుట్లలో ఎక్కువ భారం పడినప్పుడు, పిస్టన్ అంచున చేరిన ఆయిల్, పెట్రోల్ బిందువు స్పార్క్ కంటే ముందే అంటుకుని, సిలిండర్‌లో ఒత్తిడిని ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెంచుతుంది. మామూలు నాకింగ్‌ను కంప్యూటర్ స్పార్క్ ఆలస్యం చేసి ఆపగలదు; ఇది స్పార్క్‌తో నిమిత్తం లేకుండా మొదలవుతుంది కనుక ఆపలేదు. ఇలాంటి కొన్ని పేలుళ్లు చాలు, పిస్టన్ రింగుల మధ్య అంచు విరగడానికి. కనుక పూర్తి బలం కావలసి వచ్చినప్పుడు ముందు గేరు దించి, చుట్లు 2000 దాటనిచ్చి, ఆ తర్వాత తొక్కండి. ఈ ఒక్క అలవాటు చిన్న టర్బో ఇంజిన్‌కు ఎంతో మేలు చేస్తుంది.

ఇంజిన్ ఆపే ముందు నిమిషాల కొద్దీ ఐడిల్‌లో ఉంచాలన్న పాత నియమం ఇప్పుడు అన్నివేళలా వర్తించదు. నేటి టర్బోలలో చాలావాటికి కూలెంట్ కూడా అందుతుంది, కొన్నింటిలో ఇంజిన్ ఆగాక కూడా ఎలక్ట్రిక్ పంపు దానిని తిప్పుతుంది. మామూలు వేగంతో ఇంటికి వచ్చి ఆపితే చాలు. హైవే మీద వేగంగా నడిపి, లేదా ఘాట్ ఎక్కి, నేరుగా పక్కకు ఆపినప్పుడు మాత్రం ఒక నిమిషం ఆగి కట్టేయండి. లేకపోతే టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

ఆయిల్, పెట్రోల్, మిగతా పనులు

ఈ ఇంజిన్‌లో ఆయిల్ మూడు పనులు చేస్తుంది: భాగాలను రాపిడి నుంచి కాపాడుతుంది, టర్బోను చల్లబరుస్తుంది, పైన చెప్పిన ముందస్తు పేలుడును అదుపులో ఉంచుతుంది. ఈ మూడో పని ఇటీవల తెలిసింది. ఆయిల్‌ను శుభ్రంగా ఉంచడానికి కలిపే కాల్షియం పదార్థాలు ఎక్కువైతే ఆ పేలుళ్లు పెరుగుతాయని తేలిన తర్వాత ఆయిళ్ల కూర్పును మార్చారు. 2018లో ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్ఎన్ ప్లస్, 2020లో ఏపీఐ ఎస్‌పీ ప్రమాణాలు ఇందుకోసమే ప్రత్యేక పరీక్షతో వచ్చాయి. టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష కూడా ఎస్‌పీలో ఉంది. డబ్బా మీద చిక్కదనం అంకె ఒక్కటే చూడకుండా, కారు పుస్తకంలో చెప్పిన ప్రమాణం పేరు కూడా ఉన్నదో లేదో చూసి కొనండి. కొన్ని చిన్న ఇంజిన్లలో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. వాటిలో తప్పుడు ఆయిల్ పోస్తే బెల్టు రబ్బరు పొడిగా రాలి ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తుంది. మీ కారులో బెల్టు ఉందా, చైన్ ఉందా, బెల్టు అయితే పొడిదా తడిదా అన్నది ఇవాళే తెలుసుకోండి.

డిప్‌స్టిక్ చూడటానికి కారును సమతలంగా ఆపి, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాల తర్వాత కడ్డీ తీసి, నూలు పీచు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయాలి. మట్టం తగ్గుతున్నదా అని అందరూ చూస్తారు. చిన్న టర్బోలో మట్టం పెరుగుతున్నదా అని కూడా చూడాలి. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మిన పెట్రోల్ చల్లటి గోడలకు తగిలి, రింగుల సందుల నుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. దూర ప్రయాణంలో ఇంజిన్ బాగా వేడెక్కితే అది ఆవిరైపోతుంది. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే కారులో అలాగే పేరుకుపోతుంది. కడ్డీ మీది ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. పెట్రోల్ వాసన గుప్పున వచ్చి, ఆయిల్ నీళ్లలా పలచగా అనిపించి, మట్టం పై గీతను దాటి ఉంటే సర్వీసు గడువు కోసం ఎదురుచూడకుండా ఆయిల్ మార్చండి. కారు పుస్తకంలో కఠిన పరిస్థితులకు ఇచ్చే తక్కువ గడువు, తక్కువ దూరాలు, ఎక్కువ దుమ్ము, ఎక్కువ వేడి ఉన్నవారికి ఉద్దేశించినదే. నిజానికి ఎక్కువమంది ఆ కోవలోకే వస్తారు.

పెట్రోల్ విషయంలో, పుస్తకం ఒక ఆక్టేన్ అంకెను (పెట్రోల్ నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పేది) కనీసంగా, మరొకదాన్ని సిఫారసుగా ఇస్తే సిఫారసు చేసినదే పోయండి. ప్రకటించిన హార్స్ పవర్ సాధారణంగా దానితో కొలిచినదే. కనీస ఆక్టేన్‌తోనే తృప్తిపడే ఇంజిన్‌లో అంతకుమించిన ఖరీదైన పెట్రోల్ పోయడం వల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు.

స్పార్క్ ప్లగ్‌లను గడువుకు ముందే మార్చడం మంచిది, ఎందుకంటే ఒత్తిడి ఎక్కువైన గాలిలో స్పార్క్ దూకడం కష్టం. ప్లగ్ సందు అరిగి పెద్దదైతే మామూలుగా బాగానే నడిచే కారు గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే ఎగిరెగిరి పడుతుంది. ఇన్‌టేక్ వాల్వుల మీద మసి మరో సమస్య: పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పోవడంతో ఆ వాల్వులను కడిగేది ఏదీ ఉండదు. ఐడిల్ వణుకు, చల్లగా ఉన్నప్పుడు తడబాటు వస్తే చూపించండి. అక్రోట్ చిప్పల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయడం నమ్మకమైన పద్ధతి. టొయోటా తదితరులు వాడే రెండు రకాల ఇంజెక్టర్ల ఏర్పాటు ఉన్న ఇంజిన్లలో ఈ బెడద చాలా తక్కువ. కూలెంట్, ఎయిర్ ఫిల్టర్‌ల సంగతి పుస్తకంలో ఉన్నట్టు పాటిస్తే చాలు.

శక్తిని ఇంకా పెంచాలనుకుంటే

టర్బో ఇంజిన్‌కు కంప్యూటర్ ప్రోగ్రాం మారిస్తే చాలు, అదనంగా 20, 30 హార్స్ పవర్ వస్తాయని చెప్పేవారున్నారు. వస్తాయి. టర్బో ఒత్తిడి పెంచి, స్పార్క్‌ను ముందుకు జరిపితే శక్తి పెరగడంలో మాయ ఏమీ లేదు. కానీ తయారీదారు వదిలిన ఆ మిగులు, మండుటెండలో నిండు బరువుతో, నాసిరకం పెట్రోల్‌తో కూడా ఇంజిన్ బతకడానికి వదిలినది. 1980ల మధ్యలో ఫార్ములా వన్‌లో 1.5 లీటర్ల టర్బో ఇంజిన్లు క్వాలిఫయింగ్‌లో 1000 హార్స్ పవర్ దాటాయి. వాటి నుంచి కోరిన ఆయుష్షు కొన్ని ల్యాపులు మాత్రమే. ఒకే లోహం నుంచి శక్తి, ఆయుష్షు రెండింటినీ అపరిమితంగా తీయలేమని ఇంజిన్ తయారీదారులందరికీ తెలుసు.

అయినా చేయించాలనుకుంటే క్రమం పాటించండి. ముందు మంచి ఇంటర్‌కూలర్, కొత్త ప్లగ్‌లు, తాజా ఆయిల్. ఆ తర్వాతే ప్రోగ్రాం. అదీ మీ కారును డైనమోమీటర్ (శక్తిని కొలిచే యంత్రం) మీద ఎక్కించి, నాకింగ్ సంకేతాలు చూస్తూ సరిచేసేవారి దగ్గరే. అందరికీ ఒకటే ఫైలు ఎక్కించేవారి దగ్గరకు వెళ్లవద్దు. 2000 చుట్ల కింద టార్క్ పెంచవద్దని ముందే స్పష్టంగా చెప్పండి, ముందస్తు పేలుడు ముప్పు అక్కడే ఎక్కువ. పూర్తయ్యాక స్కానర్ పెట్టి, వేడి రోజున మూడో గేరులో 2000 నుంచి 5000 వరకు లాగుతూ ఒక్కో సిలిండర్‌లో స్పార్క్ ఎంత వెనక్కి జరుగుతున్నదో రికార్డు చేయించండి. ఒక సిలిండర్‌లో మాత్రమే పదేపదే జరుగుతుంటే ఆ ప్లగ్, ఆ ఇంజెక్టర్ చూసేవరకు కారును పాత ప్రోగ్రాంకు మార్పించండి. క్లచ్ జారుతున్నదా అన్నది కూడా అదే పరుగులో తెలుస్తుంది: ముల్లు పైకి వెళుతూ, వేగం దాని వెంట పెరగకపోతే క్లచ్ ఆ టార్క్‌ను మోయలేకపోతున్నట్టే.